బావగారి తాళాలు

మా బావగారు తాళం వేశాక తలుపు పిడి పట్టుకుని వేలాడతారు. దాన్ని ఆయన 'లాగి చూడటం' అంటారు. తర్వాత చేతులు దులుపుకుని, "ఎవర్నీ నమ్మలేమమ్మా" అంటారు.

బన్సీలాల్‌పేట్‌లో మేం ఫ్లాట్ కొన్నామని తెలియగానే పద్మారావు నగర్ నుంచి దిగారు.

"ముందు తాళాలన్నీ మార్పించండి. పాత ఓనరు దగ్గర డూప్లికేట్ ఉండదని గ్యారంటీ ఏమిటి?"

ఆ పాత ఓనరు మా పై అంతస్తులోనే ఉంటాడు.

తాళాలతను, "లోపలిది మారిస్తే సరిపోతది సార్, పాత చాబీ పన్జెయ్యదు" అన్నాడు. బావగారు నమ్మితేగా! స్నానాల గదితో సహా అన్నీ కొత్తవే వేయించారు. స్నానాల గదిలో ఏం పోతుందో ఆయనకే తెలియాలి. ఒక్కో పిడికీ వేలాడి చూశారు. మా ఆయన మాత్రం అన్నగారి ముందుచూపుకి మురిసిపోయాడు.

మొన్న చిలకలగూడ వెళ్ళి వచ్చేసరికి నా సంచిలో తాళంచెవి లేదు. గుమ్మం ముందు నిలబడి బావగారికి ఫోన్ చేశాను.

"కంగారెందుకమ్మా? ఇలాంటి అవసరానికే ఒకటి పైనాయన దగ్గర ఉంచాను."

"పాత ఓనరు దగ్గరా?"

"మరి ఆ బిల్డింగులో మనకు తెలిసింది ఆయనొక్కడేగా!"

నేను తెరిచిన నోరు మూయకముందే, నా గొంతు విని కాబోలు, పాత ఓనరు తాళంచెవి ఊపుకుంటూ మెట్లు దిగాడు. తలుపు తీసి, నాకంటే ముందు లోపలికి అడుగుపెట్టి, "రాండ్రి మేడమ్, పరేషాన్ గాకుండ్రి, లోపలికి రాండ్రి" అన్నాడు.

ఫోన్‌లో బావగారు ఇంకా చెబుతూనే ఉన్నారు. "మళ్ళీ తాళం వేశాక లాగి చూడమ్మా. ఎవర్నీ నమ్మలేం."