గీకేకొద్దీ మెరిసే ఇత్తడి

పోయిన ఏడాది చనిపోయిన మా పెద్దమ్మ, గుడియాత్తంలో మగ్గం మానుకున్నాక నాటకాలవాళ్లకు రాజులు, యోధులు పెట్టుకునే హెల్మెట్లు చేసేది. రెసిన్‌లో ఇత్తడి పొడి కలిపి అచ్చు పోస్తే అది మట్టిరంగులో వచ్చేది. ఇనుప పీచుతో రుద్దితేనే ఇత్తడి తేలేది. నేతకు ముందు పడుగు నూలుకు గంజి కుంచె పట్టినట్టు ఆమె ఎప్పుడూ ఒకే దిక్కుకు రుద్దేది.

ఆమె వేలూరు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన వారంలో నాటకం కంపెనీ యజమాని వచ్చి, సగం రుద్దిన హెల్మెట్ చూశాడు.

"రేపు సాయంత్రం నాటకం గదమ్మా. నీ చేతులు వణకతా ఉండాయి. బంగారు స్ప్రే కొట్టేయ్. దూరానికి ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాదప్పా. స్ప్రే కావాలంటే బజార్లో ప్లాస్టిక్‌ది కొనుక్కో పో."

నేను రుద్దుతానన్నా ఒప్పుకోలేదు. పీచును మగ్గం గుంజకు కట్టించి, హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని దానికేసి రుద్దింది. వణుకు ఆగలేదు. దిక్కు మాత్రం మారలేదు.

మరునాడు మధ్యాహ్నం అతను మెరుస్తున్న హెల్మెట్ చూసి నవ్వాడు.

"కడాకు స్ప్రేనే కొట్టినావు గదా," అంటూ రంగు ఊడుతుందేమోనని అంచును గోటితో గీకాడు.

"గోరు చాలదు నాయనా," అంది పెద్దమ్మ. "బండి తాళంతో గీకు. గీకేకొద్దీ మెరుస్తాది."