కంటామినేషన్ అని రాసిన రిపోర్టు

2006 వర్షాకాలం. ఏలూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో లాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మెట్ల కింద ఒకటే గది. శాంపిళ్లు కిందికి వచ్చేవి, రిపోర్టులు పైకి వెళ్లేవి. మధ్యలో రోజంతా నాతో మాట్లాడేవాళ్లు ఉండేవారు కాదు.

ఆగస్టులో నాంచారయ్య అనే రోగిని చేర్చారు. కలిదిండి వైపు చేపల చెరువులకు గట్లు వేసే పని. నలభై ఏళ్లుంటాయి, షుగరు ఉంది. మూడు నెలలుగా జ్వరం, దగ్గు. కఫంలో క్షయ క్రిములు కనబడకపోయినా ఎక్కడో టీబీ మందులు ఇచ్చారు. తగ్గలేదు. మా డాక్టరుగారు బ్లడ్ కల్చర్ రాశారు. అంటే రోగి రక్తాన్ని పోషక ద్రవంలో కలిపి, ఒంటి వేడిలో ఉంచి, ఏ క్రిమి పెరుగుతుందో చూడడం. పెరిగినదాన్ని అగార్ అనే జెల్లీ పోసిన ప్లేటు మీద గీస్తే చుక్కలుగా లేస్తుంది. వాటిని కాలనీలంటాం.

మూడో రోజుకు ప్లేటు మీద పొడిగా, ముడతలు పడిన కాలనీలు వచ్చాయి. అలాంటివి నేనెప్పుడూ చూడలేదు. బయటి క్రిమి ఏదో గాలిలోంచి పడి ఉంటుందనుకున్నాను. దాన్ని కంటామినేషన్ అంటాం. అడగడానికి పక్కన ఎవరూ లేరు. రిపోర్టులో ఆ మాటే రాసి, ప్లేటు పారేశాను.

ఆరు రోజుల తర్వాత అతని తొడ మీద గడ్డ లేచింది. చీము పంపారు. మళ్లీ అవే ముడతలు. రక్తంలోనూ చీములోనూ ఒకటే వస్తే అది గాలిలోంచి పడింది కాదు. పైకి పరిగెత్తాను.

"డాక్టరుగారూ, మొదటిది కంటామినేషన్ కాదండీ. నేనే తప్పు రాశాను."

ఆయన కేసు షీటు ముందుకు లాక్కున్నారు. "ఏ క్రిమో తెలుసా అమ్మా?"

"తెలీదండీ."

"పెద్ద లాబ్‌కి పంపు. ఈలోగా మందు మారుస్తాను."

మందు మార్చిన రెండో రోజే నాంచారయ్య పోయాడు. జబ్బు పేరు ఆ తర్వాత పెద్ద లాబ్ నుంచి వచ్చింది. మెలియాయిడోసిస్. తడి మట్టిలో, బురద నీళ్లలో ఉండే క్రిమి. షుగరున్నవాళ్లకు మరీ ప్రమాదం. డాక్టరుగారు ఆ కాగితం చదివి ఫైల్లో పెట్టేశారు. ఇంటికెళ్తే మా అమ్మీ అన్నం వడ్డిస్తూ, ఏమైందని అడిగింది. ఎలా చెప్పాలో తెలియక తలనొప్పి అన్నాను.

నెల దాటాక అతని భార్య నాగమణి వచ్చి నా లాబ్ గుమ్మం బయటే నిలబడింది.

"లోపలికి రామ్మా."

"పర్లేదండీ, ఇక్కడే ఉంటాను. మమ్మల్నెవరూ గడప తొక్కనివ్వట్లేదండీ. మా ఆయనకి ఎయిడ్సంట, నాకూ ఉందంట. బోరింగు దగ్గర బిందె పెట్టనివ్వరు. చెరువుల మీద పనికి పిలవరు. ఇంతకీ ఆయనకి వచ్చిందేంటండీ?"

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఎయిడ్స్ కాదనీ, ఆ పరీక్ష మొదట్లోనే చేశామనీ చెప్పాను. మట్టి నుంచి వచ్చే జబ్బనీ, మనిషి నుంచి మనిషికి అంటుకోదనీ చెప్పాను. పారేసిన ప్లేటు సంగతి కూడా దాచలేదు.

"అప్పుడే తెలిస్తే బతికేవోడాండీ?"

"ఏమోనమ్మా. బతికేవాడేమో."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అంది: "మనిషి నుంచి మనిషికి అంటుకోదన్నారు కదండీ, ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి."

తెలుగులో రాసి, పైకి తీసుకెళ్లి డాక్టరుగారి సంతకం పెట్టించాను. ఆమెకు చదువు రాదు. నా చేత రెండుసార్లు చదివించుకుని, కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

తెలియని కాలనీ వస్తే 'తెలియదు' అని రాయడం ఆ తర్వాతే నేర్చుకున్నాను. రాసి ఊరుకోను. మెట్లెక్కి వెళ్లి, ఆ రోగి ఎవరో ఒకసారి చూసి వస్తాను.