పేరులేని కవరు, ఎడమచేతి కట్టు

అమీర్‌పేటలో ధరమ్ కరమ్ రోడ్డు వెనక సందులో ఇవాంజెలిన్ సిస్టర్ ఇల్లెక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. సందు నిండా హాస్టళ్లు, కంప్యూటర్ కోర్సుల బోర్డులు. ఒకప్పుడు జావా నేర్పిన గదిలోనే ఇప్పుడు ఇంకేదో నేర్పుతున్నారు. బోర్డు మారింది కానీ ఫ్యాను మారలేదు. ఆ ఫ్యాను చప్పుడుకి ఎదురుగా, మూడో అంతస్తులో సిస్టర్ ఇల్లు. పంజగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జిగా రిటైరైంది. బాపట్ల వైపు నుంచి ఇరవై రెండేళ్ల వయసులో వచ్చింది. ఇన్నేళ్లయినా 'ఏంటి', 'అండి' పోలేదు.

ఇప్పటికీ బీపీ చూపించుకోవడానికి మెట్లెక్కి వచ్చేవాళ్లున్నారు. మూడంతస్తులు ఎక్కితే ఎవరికైనా బీపీ పెరుగుతుంది కాబట్టి ముందు పది నిమిషాలు కూర్చోబెడుతుంది. తర్వాత చూసి, చీటీ మీద అంకె రాసి, పక్కన టైము వేస్తుంది. టైము వెయ్యని అంకెను ఆమె నమ్మదు.

ఆసుపత్రిలో ఆమె గురించి ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ఒక కొత్త నర్సు, నాలుగు గంటలకు చూడాల్సిన జ్వరాలు మూడింటికే కూర్చుని చార్టుల్లో నింపేసింది. అన్నీ తొంభై ఎనిమిది చిల్లరే. ఇవాంజెలిన్ థర్మామీటరు చేతికిచ్చి ఇరవై రెండు పడకలూ తిప్పింది. పదిహేడో పడక దగ్గర నూట రెండు వచ్చింది. "చూడని జ్వరం రాయకూడదమ్మా" అని మాత్రం అంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంకో చోట మేట్రన్.

రిటైర్ కాకముందే, తనతో పనిచేసిన పదిమందిని కూడగట్టి ఒక చిన్న ట్రస్టు పెట్టింది. బోరబండ, ఎర్రగడ్డ బస్తీల్లో నర్సింగులో చేరి, ఫీజు కట్టలేక మధ్యలో మానేసే ఆడపిల్లల కోసం. మొదట్లో ఏ ఏడు వసూలైంది ఆ ఏడే ఖర్చయ్యేది. వసూలు కాని ఏడు పిల్లలకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. అప్పుడు మూలనిధి అన్న ఆలోచన వచ్చింది. అసలు బ్యాంకులో కదలకుండా ఉంటుంది, వడ్డీతోనే ఫీజులు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. పాత గుళ్ల గోడల మీద శాసనాలు చదువుకుంటూ తిరిగినవాళ్లకు తెలుసు. అఖండదీపానికి ఫలానావాడు ఇన్ని గొర్రెలిచ్చాడని ఉంటుంది. గొర్రెలతో దీపమేమిటి? ఆ మంద ఒక కాపరికి అప్పగిస్తారు. వాడు రోజూ ఇంత నెయ్యి గుడికి పోయాలి, మంద మాత్రం తగ్గకూడదు. మంద అసలు, నెయ్యి వడ్డీ. అప్పటి దాతకు పుణ్యమూ, రాతి మీద పేరూ దక్కాయి. ఇప్పటి దాతకు ఆదాయపు పన్నులో కొంత తగ్గుతుంది. దాన్ని ఎనభై జీ అంటారు. పదివేలిస్తే అందులో సగం, అంటే అయిదు వేలు, ఆదాయంలోంచి తీసేసి మిగిలినదానికే పన్ను వేస్తారు. ముప్పై శాతం కట్టేవాడికి పదిహేను వందలు మిగులుతాయి. సిస్టర్ ఈ లెక్క అందరికీ మందు మోతాదు చెప్పినట్టు చెప్పేది.

చెవిన వేసుకున్నవాడు బల్కంపేట హనుమాండ్లు. బ్యాటరీల కొట్టు ఉంది. భార్య రాజమ్మకు ఈమె వార్డులోనే ఆపరేషన్ జరిగింది. ఏటా ఇరవై వేలకు చెక్కు పట్టుకుని తనే వస్తాడు.

"సిస్టరక్కా, పేరు జర పెద్దగ రాయి. హనుమాండ్లు, సన్నాఫ్ కనకయ్య."

"రసీదులో గీత ఇంతే ఉందండీ."

"గీత దాటిచ్చి రాయి. గవర్నమెంటోనికి అద్దాలు లేకున్నా కనవడాలె." చెక్కు ఇచ్చి కదలడు. "మా ఆడిటరు కొత్త పద్ధతిల పన్ను కడదామంటుండు. గందుల పోతే గీ రసీదు చిత్తుకాయితమేనట. నేను పోనన్న. ఇచ్చినంక జరంత వాపసు రాకుంటె ఎట్లక్కా?"

"మీ లెక్క మీరు చూసుకోండి. ఎందులో లాభముంటే అందులో కట్టండి."

"ఎందుల కట్టినా నీ చెక్కు నీకొస్తది తియ్. ఫికర్ చెయ్యకు."

ఆమె వెళ్లే చర్చివాళ్లతో మాత్రం ఈ లెక్క సాగలేదు. ఇచ్చినవాడి పేరు బయటికి రాకూడదన్నది వాళ్ల పట్టింపు. దేవుడి పనికిచ్చి రసీదు అడగడం, ఆ రసీదు చూపించి పన్ను తగ్గించుకోవడం, వాళ్ల దృష్టిలో కానుక పళ్లెంలోంచి చిల్లర తీసుకున్నంత పని. ట్రస్టు వార్షిక సమావేశం ప్రతి ఫిబ్రవరిలో పంజగుట్ట వైపు ఒక చర్చి హాల్లో పెడతారు. గుమ్మం దగ్గర పెట్టె ఉంటుంది. అందులో పడే కవర్ల మీద 'ఒక విశ్వాసి', 'ఒక సోదరి' అని ఉంటుంది. రెండొందలు, అయిదొందలు. ఎవరు వేశారో తెలుసుకోవాలని చూడటం కూడా తప్పే. ఇవాంజెలిన్ అలాంటి ఇంట్లోనే, అదే పట్టింపులో పెరిగింది. కవరు మీద ఏముంటే అదే రిజిస్టర్లో ఎక్కించేది.

రెండు వేల ఇరవై అయిదు ఫిబ్రవరిలో ఆ పెట్టెలో ఒక లావుపాటి కవరు పడింది. లోపల లక్షా ఎనభై వేలు, గాజుగుడ్డ కట్టుతో చుట్టి ఉన్నాయి. ఏదో డీటీపీ సెంటర్లో టైపు చేయించిన చీటీ: 'అసలు ముట్టొద్దు. మిత్తితో పిల్లల్ని చదివించండి.' సంతకం లేదు, కవరు మీద 'పేరు చెప్పడానికి ఇష్టపడని సోదరి' అని మాత్రం ఉంది. సిస్టర్ రిజిస్టర్లో అదే రాసింది. రాస్తూ సంతోషించింది కూడా. గాజుగుడ్డను మాత్రం పారేయకుండా సొరుగులో వేసింది. నర్సు చేతికి గుడ్డ పారేయడం రాదు.

మే నెలలో ట్రస్టు ఆడిటర్ సురేందర్ రిజిస్టర్లో ఆ పద్దు మీద వేలు పెట్టాడు. అమీర్‌పేటలోనే మెట్రో స్తంభం ఎదురుగా అతని ఆఫీసు. దాతల పేర్లు, చిరునామాలు, పాన్ నంబరో ఆధార్ నంబరో నెలాఖరులోగా పన్నుల శాఖకు పంపాలి.

"మేడం, గీ సోదరి ఎవరు?"

"పేరు చెప్పలేదండీ."

"చెప్పకుంటె గట్ల నడవది. చిన్న కవర్లైతే నడుస్తది. లక్ష దాకా చూసీచూడనట్టు పోతరు. దాని మీద ఎంతుంటె అంతకు ముప్పై శాతం ట్రస్టే కట్టాలె. ఎనభై వేలకు ఇరవై నాలుగు వేలు, మీద సెస్సు. రెండు లక్షలకు లోపలున్నది కాబట్టి బతికిన్రు, క్యాష్ దాటితే ఇంకో కేసు."

సిస్టర్ మనసులో లెక్క వేసుకుంది. లక్షా ఎనభై వేలకు ఏడాదికి వడ్డీ పన్నెండు వేల చిల్లర. ఒక పిల్ల ఫీజు. పేరు లేకపోవడంవల్ల ఆ పిల్లకు రెండేళ్ల ఫీజు పోతోంది.

సురేందర్ పెన్ను మూత పెట్టాడు. "మీరే ఇచ్చిన్రని రాస్తే అయిపాయె. నేను అనలే, మీరు వినలే."

"నేనివ్వలేదు కదండీ."

"నాకెరుకే మేడం. ఊకె అన్న."

ఇంటికొచ్చి సొరుగు తీసింది. ఇన్నాళ్లూ ఆ గుడ్డను కావాలనే సరిగా చూడలేదు, చూస్తే తెలిసిపోతుందని. ఇప్పుడు వెలుతురులో పెట్టి చూసింది. కట్టు చివర అంటించిన ప్లాస్టర్ అంచు లోపలికి మడిచి ఉంది, విప్పేటప్పుడు గోటికి దొరికేలా. అది ఆమె వార్డు పద్ధతి. కాని చుట్టు తిరగేసి ఉంది. కుడిచేతివాళ్లు చుట్టే వైపు కాకుండా, ఎడమచేత్తో చుట్టినట్టు. వెనకటి రోజుల్లో కట్టుబట్టలు ఉతికి, ఆవిరి పెట్టించి, మళ్లీ చుట్టి పెట్టేవాళ్లు. ఆ పని ఆయాలది. అందులో ఎడమచేతిది ఒక్కతే, జీవమణి. ఆమె చుట్టిన కట్టు విప్పాలంటే కొత్త నర్సులు గుడ్డను చేతుల్లో తిప్పి తిప్పి తిట్టుకునేవాళ్లు.

గురువారం పొద్దున బోరబండ వెళ్లింది. జీవమణిది మొదటి అంతస్తులో ఒక గది. అరవై ఆరేళ్లుంటాయి. భర్త పోయి పదకొండేళ్లు, పిల్లలు లేరు.

"గట్ల నిలవడ్డవేంది సిస్టరమ్మా, లోపలికి రా."

సిస్టర్ గాజుగుడ్డ తీసి మంచం మీద పెట్టింది. జీవమణి దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

"పారెయ్యలేదా నువ్వు?"

"పారేసే అలవాటు నాకెక్కడిది? ఎడమచేత్తో చుట్టేది మన వార్డులో నువ్వొక్కదానివే."

"లోకంల ఎడమచెయ్యోళ్లు నేనొక్కదాన్నేనా?"

"మరి ప్లాస్టర్ మడత?"

"నువ్వే నేర్పితివి." గుడ్డను పక్కకు జరిపింది. "నేర్పిచ్చి ఇప్పుడు గదే పట్టుకొని దొరకవడుతున్నవా?"

సిస్టర్ పన్ను సంగతి చెప్పింది. జీవమణి నవ్వింది.

"ట్యాక్సా? నాకా? నెలకు పద్నాలుగు వందల పింఛన్‌దాన్ని!"

"నీకు కాదు, ట్రస్టుకి. ఇచ్చినవాళ్ల పేరు లేకపోతే ఎవరో నల్లడబ్బు తెచ్చి పోశారనుకుంటుంది గవర్నమెంటు."

"నా పైసలు నల్లగున్నయా? ముప్పై ఏండ్లు బెడ్‌ప్యాన్లు కడిగిన పైసలు." కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువుంది ఆ గొంతులో. "పీఎఫ్‌ల వచ్చినయ్. బ్యాంకుకు పోయి అడుగు."

"నాకు తెలుసు. అదే కాగితం మీద ఉండాలి. పేరు, చిరునామా, ఆధార్. చర్చిలో చదవం. నా బీరువాలో ఉంటుంది, పన్నులవాళ్ల కంప్యూటర్లో ఉంటుంది."

"నీ పేరు రాసుకోరాదు?" అని తనే తల అడ్డంగా ఊపింది. "రాయవు. ఎరికే. గా పోరిని ఇరవై రెండు పడకలు తిప్పినవ్."

పై గదిలోంచి ఎవరో అమ్మాయి ఏదో పాఠం బిగ్గరగా వల్లె వేస్తోంది. తాపీమేస్త్రీ రాజనర్సయ్య కూతురు దివ్యశ్రీ. ట్రస్టు ఫీజుతోనే నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఆ చదువు వింటూనే జీవమణి ఆ కవరు కట్టింది.

"మరి ఎందుకమ్మా ఇంత భయం?"

జీవమణి మూలకు చూపించింది. అక్కడ కుట్టు విప్పని బియ్యం సంచి ఉంది. చర్చి సంఘం తరఫున విధవరాళ్లకు నెలనెలా ఇచ్చే పది కిలోలు.

"పదకొండేండ్ల సంది తింటున్న. ఆయన పోయిన నెల నుంచి. పీఎఫ్ పైసలు వచ్చినంక సుత బంద్ చెయ్యలే. కాళ్లుచేతులు ఆడనప్పటికి పనికొస్తయని దాసుకున్న, ఎవ్వరికి చెప్పలే. ఇప్పుడు పేరు బయటవడ్తె ఏమంటరు? లక్షలు దాసుకొని దిక్కులేనోళ్ల బియ్యం తిన్నదంటరు. గది అబద్ధమా సిస్టరమ్మా?"

సిస్టర్ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. "ఈ శనివారం కాదు, పై శనివారం ముప్పై ఒకటి. ఆ లోపల చెప్పు" అని లేచింది. దిగుతుంటే వెనక నుంచి, "చాయ్ తాగవా?" అని వినిపించింది. తాగి వెళ్లింది. చాయ్ దగ్గర ఇద్దరూ వార్డు ముచ్చట్లే మాట్లాడుకున్నారు.

ఇరవై అయిదు ఆదివారం. ఆరాధన అయ్యాక జీవమణి, బియ్యం పంచే పెద్దమనిషి జీవానందం దగ్గరికి వెళ్లింది.

"అన్నా, వచ్చే నెల సంది నా సంచి ఇంకొకరికియ్యి."

"ఏమైంది? రేషన్ బియ్యం సరిపోతున్నయా?"

"పండ్లు ఊశినయ్. జావ తాగుతున్న."

"నిన్నగాక మొన్న పెండ్లిల బొక్క కొరుకుతుంటె చూస్తిని!"

"గప్పుడే ఊశినయన్నా."

జీవానందం నవ్వి పట్టీలో ఆమె పేరు కొట్టేశాడు.

మంగళవారం పొద్దున ఆమె బస్సు దిగి, మూడంతస్తులూ ఎక్కి వచ్చింది. సిస్టర్ అలవాటుగా పది నిమిషాలు కూర్చోబెట్టింది. జీవమణి ప్లాస్టిక్ కవర్లోంచి ఆధార్ జిరాక్సు, బ్యాంకు పాసుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. మూలనిధికే ఇస్తున్నానని రాసిన కాగితం మీద ఎడమచేత్తో నెమ్మదిగా సంతకం చేసింది. సిస్టర్ రసీదు చింపి ఇచ్చింది.

"గిదేం చేసుకోవాలె నేను?"

"పన్ను కట్టేవాళ్లకైతే పనికొస్తుంది. అందులోనూ చెక్కుతో ఇస్తేనే. నోట్లకు రెండు వేల దాకానే తగ్గింపు. నీకు తగ్గించడానికి అసలు పన్నే లేదు."

"గంతకంటె ఎక్కువిచ్చినోళ్లకు ఏం లేదన్నట్టు."

"లేదు."

"ఉండనీ తియ్." రసీదును నాలుగు మడతలు పెట్టి ఆధార్ కవర్లోనే దోపుకుంది. "పై ఇంటి పోరికి ఫీజు ఎప్పుడు కడ్తరు?"

"జూన్‌లో."

"లేటు చెయ్యకున్రి. వాళ్ల నాయన మేస్త్రీ పని వానలు పడ్తె బంద్."

ఆమె దిగి వెళ్లాక సిస్టర్ రిజిస్టర్ తెరిచింది. ఆసుపత్రి చార్టులో తప్పు పడితే చెరపకూడదు, వైట్నర్ పూయకూడదు. కింద ఏముందో కనబడేలా ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. 'పేరు చెప్పడానికి ఇష్టపడని సోదరి' మీద స్కేలు పెట్టి ఒక గీత కొట్టింది. పైన 'ఎం. జీవమణి, బోరబండ' అని రాసింది. సంతకం చేసి, తేదీ వేసి, గడియారం చూసి పక్కన 11.20 అని రాసింది.