మామ తాగనన్న నీళ్లు

మా మేనమామ పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. ఏడుపు కన్నా ముందు నాకు భయం వేసింది. జహీరాబాద్‌లో మా వాడకట్టు తాగేది ఆయన బావి నీళ్లే.

కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో మా బోర్లన్నీ ఎండిపోయి, ట్యాంకర్ దగ్గర ఆడవాళ్లు బిందెలతో కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు మామ ఒక పనికి ఒప్పుకున్నారు. పట్టణం మురుగును శుద్ధి చేసిన నీళ్లు తన చేనుకు తీసుకుని, బావి నీళ్లు మాకు వదిలేశారు. ఆ నీళ్లతో ఎప్పుడూ వేసే అల్లం పండించడం మనసొప్పక చెరుకు పెట్టారు. అల్లం రాబడి చెరుకులో రాదని తెలిసీ పెట్టారు.

ఆ శుద్ధి నీళ్లు పైపులో చేనుకు వదిలిన రోజు గట్టు మీద జనం నిండిపోయారు. కొత్త బోరుకు చేసినట్టే మామ పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ తీశారు.

“మోరి నీళ్లకు కాయ కొడ్తవా? నలుగురు నవ్వుతున్నరు,” అన్నది అత్తమ్మ.

“ఏడికెళ్లి వచ్చినా గంగమ్మనే కదనే.”

కాయ కొట్టారు. బోరు పడితే తొలి నీళ్లు దోసిట పట్టి తాగడం మా దగ్గర ఆనవాయితీ. అందరూ ఆయన చేతులకేసే చూస్తున్నారు.

“తాగు పటేలా, చూస్తం!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. తాగితే మంచం పడతారు. తాగకపోతే జనం పైపు పీకేసేలా ఉన్నారు.

మామ చేతులు వెనక్కి కట్టుకున్నారు. “తాగ. ఇవి తాగేటివి గావు, గందుకే చెరుకుకు పెడుతున్న. తాగేటివి మీ బిందెలల్లకొస్తయి. ఇంగ నవ్వున్రి.”

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే గట్టు దిగిపోయారు.

ఆ తర్వాత ఆయన అప్పుడప్పుడు మా నల్లా దగ్గరికి వచ్చి గ్లాసెడు పట్టుకుని తాగేవారు. “జర ఉప్పగున్నయిరా అల్లుడా,” అని తన బావిని తానే తిట్టుకునేవారు. “అంగి ఒక్కనాడు తొడిగి పారేస్తమా? ఉతుక్కుంటం. నీళ్లు గూడ గంతే,” అనేవారు.

దహనం అయి ఇల్లు చేరాక పెద్దకొడుకు అన్నాడు, “నాయిన పోయిండు. పైపు బందు వెడ్త. బావి నీళ్లతోని మళ్ల అల్లమే పెట్టుకుంట.”

అత్తమ్మ లేచి నిలబడింది.

“మరి వాళ్లేం తాగాల్రా?”

దినాలు కాకముందే గడప దాటొద్దని అందరూ ఆపుతున్నా ఆమె పార భుజాన వేసుకుని చేనుకు నడిచింది. చీర ఎగదోపి, నిండిన సాలుకు మట్టి అడ్డం వేసి పక్క సాలుకు దారి తీసింది. పైపు నీళ్లు అటు తిరిగాయి. వాటి వెనకే రెండు కొంగలు మెల్లగా చెరుకులోకి వెళ్లాయి.