దర్జీ తాత లోపలి కుట్టు చూపించిన వైనం

దర్జీ తాత ఐదో తరగతితోనే బడికి దండం పెట్టాడు. అయితేనేం, ఆయన సాధించినవి తక్కువా? నలభై ఎనిమిదేళ్ళ కత్తెర పని, ముగ్గురు జడ్జీలకు నల్లకోట్లు, బ్యాండు మేళానికి ఒక్క వారంలో ఇరవై రెండు జతలు. షాపులో అడుగుపెట్టినవాడికి కొలతలు తీస్తూనే ఈ చిట్టా అంతా వినిపించేవాడు. మెడకు టేపు చుట్టి ఉన్నవాడు పారిపోయేదెక్కడికి?

ఈమధ్య ఆ చిట్టాలో మనవరాలు కూడా చేరింది. కంప్యూటరు చదువు, ఆఖరి సంవత్సరం. ఇప్పటి కంపెనీలు మార్కులకన్నా ముందు ఆన్‌లైన్ పోర్ట్‌ఫోలియో అడుగుతున్నాయట. అంటే, చేసిన పనులన్నీ ఇంటర్నెట్‌లో ఒకచోట పేర్చి చూపించాలి. ఆ పిల్ల పది రోజులు కూర్చుని తయారుచేసి, తాను మనసుపడ్డ కంపెనీకి పంపింది. అందులో తాత షాపు కోసం చేసిన కొలతల యాప్‌కే పెద్దపీట.

తాత ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. "బాగుంది అమ్మడూ. మరి లోపలి కుట్టేదీ?"

"వెబ్‌సైటుకి లోపలి కుట్టేంటి తాతయ్యా!"

"కోటు ఇచ్చేముందు తిరగేసి చూపిస్తానా లేదా? పైకి అందరి కుట్టూ ఒకటే."

"నీకు పుణ్యముంటుంది, దీన్ని మాత్రం తిరగేయకు."

మూడోనాడు ఆమె ఫోను కుట్టుమిషను పక్కన ఛార్జింగ్‌లో పెట్టి స్నానానికి వెళ్ళింది. ఫోను మోగింది. తాత ఎత్తాడు. ఆ కంపెనీ మేనేజరమ్మ!

"దర్జీ షాపు యాప్ నిజంగా ఎవరైనా వాడుతున్నారాండీ?"

"వాడేది నేనేనమ్మా! నలభై ఎనిమిదేళ్ళుగా..." ఆవిడ ఓపిగ్గా జడ్జీల దాకా విని, "యాప్‌లో తప్పులేమైనా వచ్చాయా?" అంది.

"రాకేం! పోస్ట్‌మాన్‌దీ డ్రిల్లు మాస్టారిదీ ఒకటే పేరు. కొలతలు తారుమారయ్యాయి. బక్క పోస్ట్‌మాన్ ప్యాంటు ఒక్క గొట్టంలోనే రెండు కాళ్ళూ పెట్టి, ఇంకా చోటుందన్నాడు. మాస్టారి ప్యాంటు మోకాళ్ళ దగ్గరే మొరాయించింది!"

తల తుడుచుకుంటూ వచ్చిన మనవరాలు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "అయిపోయింది నా ఉద్యోగం!"

తాత గుక్క తిప్పుకోలేదు. "నేను పుస్తకంలో పేర్లు రాయనమ్మా. 'ఎడమ భుజం జారిన పోస్ట్‌మాన్', 'పొట్ట డ్రిల్లు' అని రాసుకుంటాను. మా పిల్ల మూడు రోజులు నా పక్కనే కూర్చుని అది నేర్చుకుంది. యాప్‌లో ప్రతి మనిషికీ ఒక గుర్తు పెట్టింది. ఇద్దరిళ్ళకీ వెళ్ళి క్షమించమని అడిగి, కుట్లు విప్పి తనే సరిచేసింది. ఆ తర్వాత ఒక్క కొలత తప్పితే ఒట్టు!"

"ఫోను ఆమెకివ్వండి."

ఆ పిల్ల తువ్వాలు భుజాన పడేసి అందుకుంది.

"ఇదంతా పోర్ట్‌ఫోలియోలో లేదేం?"

"తప్పులు చూపిస్తే ఎవరు పిలుస్తారు మేడమ్?"

"మేం పిలుస్తున్నాం. అది కూడా రాసిపెట్టి, గురువారం పదింటికి రండి."

గురువారం వెళ్ళింది. గదిలో ముగ్గురు కూర్చుని గంటసేపు ఆ ప్యాంటుల సంగతే అడిగారట. నాలుగో రోజుకల్లా ఉద్యోగం ఖాయమైంది.

కబురు కాలేజీకి పాకింది. వారం తిరక్కుండా ఆమె స్నేహితులు నలుగురు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని షాపులో దిగారు.

"తాతయ్యా, మావాటిలో కూడా ఏదైనా మంచి తప్పు ఉందేమో కాస్త వెతికి పెట్టరూ?"

తాత కళ్ళద్దాలు సర్దుకుని, బల్ల మీది బట్టలు పక్కకు నెట్టాడు. "తోసుకోకండర్రా. ఒక్కొక్కరే రండి."