మైల ఇంట్లో పనీర్ కూర

నా భార్య పోయాక ఇంట్లో ఏ కర్మా చేయలేదు. అది ఆమె కోరికే. వంటిల్లు మాత్రం సామర్లకోట నుంచి వచ్చిన మా అక్క చేతికి వెళ్లింది. మనిషి పోయిన ఇంట్లో పెద్దకర్మ జరగాల్సిన రోజు దాకా తాలింపు వేయకూడదని అక్క పట్టింపు. మైల అన్న మాటను ఎన్నో సభల్లో ఉతికి ఆరేసినవాణ్ణే, కానీ ఆ రోజుల్లో వాదనకు దిగలేదు. తాలింపు లేని పప్పు పెడితే తిన్నాను. ఉప్పు వేసిందో లేదో కూడా నాకు తెలియలేదు.

తినలేకపోయింది మా అమ్మాయి. తొమ్మిదో తరగతి చదువుతోంది. కంచంలో నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. ఒకరోజు స్నానం చేసి వస్తూ గోడ పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు వంటింట్లోకి వెళ్లాను.

పిల్లకు పనీర్ కూర ఇష్టం. రాజమండ్రి బస్టాండు దగ్గర ఒక హోటల్లో తిన్నప్పటి నుంచి మా ఆవిడ దాన్ని ఇంట్లో చేయాలని చూసేది. ఒక్కసారీ ఆ రుచి వచ్చేది కాదు. ఆమె పుట్టిల్లు నరసాపురం, చేపల పులుసు తిని పెరిగిన మనిషి. చింతపండు పడకపోతే ఏ కూరా ఉడికినట్టు అనిపించేది కాదు. "ఇది నరసాపురం పనీర్. ఇష్టమైతే తినండి" అని తనే ముందు నవ్వేది.

వెన్న, మసాలాలు తీసి పెట్టుకుంటుంటే అక్క గుమ్మంలోకి వచ్చింది.

"మసాలా వేయిస్తావేంటి? ఇంకా రోజులు తీరలేదు కదరా."

"మైల వెన్నకేం తెలుసక్కా?"

"వెన్నకి తెలీదు. ఎదురింటావిడకి తెలుసు."

ఇంకొకప్పుడైతే అక్కడి నుంచి గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు ఉల్లిపాయలు, టమాటాలు, జీడిపప్పు కలిపి ఉడకబెట్టాను. హోటల్ కూర నున్నగా ఎందుకుంటుందో ఆలోచిస్తే అర్థమయ్యేదే. మెత్తగా రుబ్బి, జల్లెడలో వడకట్టాను. వెన్నలో కారం మాడకుండా సన్నసెగ మీద వేయించాను. ఆ గుజ్జు, పనీర్ ముక్కలు, చిటికెడు పంచదార, మీగడ, నలిపిన కసూరి మేతి ఆకు వేశాను. చింతపండు ఊసే ఎత్తలేదు. రంగు, వాసన, చిక్కదనం, అన్నీ కుదిరాయి.

అమ్మాయి ఒక ముద్ద తింది. "హోటల్లోలాగే ఉంది నాన్నా" అంది. రెండో ముద్ద కలిపి, కంచంలోనే వదిలేసింది.

"మరి తినవేం?"

"పులుపు లేదు."

నేను గరిటెతో కూర ఒకసారి కలిపి చూశాను. లెక్క ఎక్కడ తప్పిందో కళ్లెదుటే ఉంది. దుఃఖం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

అప్పటిదాకా పొయ్యి వైపు చూడనట్టు కూర్చున్న అక్క లేచింది. జాడీలోంచి చింతపండు తీసి వేడి నీళ్లలో వేసింది.

"ఎంత వేసేదే మీ అమ్మ?"

"ఇంకొంచెం అత్తా."

"ఇంతా? పనీరుకి కాదు, పండుగొప్ప చేపల పులుసుకి వేసినట్టుంది." అక్క గొణుక్కుంటూనే పిసికి, రసం కూరలో పోసి, తనే పొయ్యి వెలిగించింది. వాసన వీధి దాకా వెళ్లే ఉంటుంది. కిటికీ మూయమని నాతో అనలేదు. నున్నటి కూర పలచబడింది, మీగడ విరిగి పలుకులు పలుకులుగా తేలింది.

అమ్మాయి మళ్లీ కలుపుకుంది. తలెత్తకుండా తింది. మారు అన్నం అడిగింది. అక్క వడ్డించి, చెంగుతో ముక్కు తుడుచుకుని, తను మాత్రం ఆ కూర ముట్టకుండా పప్పే వేసుకుంది.

గిన్నెలో మిగిలింది నేను తిన్నాను. రుచి తెలియలేదు. పళ్లు మాత్రం పులిశాయి.