చింతకాయ కొరికిన రోజు

బ్యాండు మేళంలో ఊదేవాడికి చింతకాయంటే ఉన్నంత భయం పామంటే కూడా ఉండదు. ఎదురుగా ఎవరైనా పుల్లటిది కొరికితే చూసేవాడి నోట్లో నీళ్లూరతాయి కదా. మామూలు మనిషి గుటక మింగి ఊరుకుంటాడు. నోట్లో క్లారినెట్ ఉన్నవాడు గుటక మింగలేడు. ఆ నీళ్లు ఊదే మూతి దగ్గరుండే పలచటి రీడులోకి పోయి రాగం కాస్తా గరగరమంటుంది, లేదంటే కీచుమంటుంది. నిజామాబాద్ చుట్టుపక్కల ఏ ఊరికి పెళ్లికి పోయినా పిల్లలకు ఈ సంగతి తెలిసే ఉండేది. చింతకాయలు, ఉప్పూకారం పొట్లాలూ తెచ్చుకుని మా ముందు వరసగా నిలబడి చప్పరించేవాళ్లు. మేం కళ్లు మూసుకుని ఊదేవాళ్లం.

మా ఉస్తాద్ మాత్రం కళ్లు మూసుకునేవాడు కాదు. చప్పరించే పిల్లవాడి కళ్లలోకి చూస్తూ ఇంకో నిమిషం ఎక్కువ ఊదేవాడు. చివరికి వాడే కాయ పారేసి పారిపోయేవాడు.

మాది బజారులో ఒక గది అద్దెకు తీసుకుని నడిపే పన్నెండు మంది మేళం. మొదటి క్లారినెట్ ఉస్తాద్‌ది, రెండోది నాది. మా బాపు నందిపేట్‌లో సన్నాయి ఊదేవాడు. ఆయన పోయాక నేను నిజామాబాద్ వచ్చి ఈ మేళంలో చేరాను. వేళ్లు పెట్టడం బాపు నేర్పాడు, ఊపిరి దాచుకోవడం ఉస్తాద్ నేర్పాడు. ఆయన ఊళ్లో పాత ముస్లిం కుటుంబం మనిషి. తండ్రి జరీ పని చేసేవాడట. మాకందరికీ మామూలు ఎర్ర టోపీలుంటే, ఉస్తాద్ టోపీకి మాత్రం ఆ తండ్రి కుట్టిన జరీ అంచు ఉండేది. మేళంలో అందరికంటే ముందు నిలబడేవాడి టోపీ అది.

టోపీ నెత్తి మీదికి వచ్చిందంటే మేళంలో నవ్వు బంద్. అది ఆయన కాయిదా.

"పెండ్లోళ్లు నవ్వాలె, ఎగరాలె. మనం నవ్విపియ్యాలె. మనమే నవ్వుకుంట నిలవడితె వాళ్లకు ఊదేదెవడ్రా?" అనేవాడు.

టోపీ తీస్తే మాత్రం ఆయనంత అల్లరి మనిషి ఉండడు. ఒకసారి రెంజల్ నుంచి తిరిగి వస్తూ, గుర్రమంటే భయపడ్డ పెళ్లికొడుకు ఎలా కూర్చున్నాడో బస్సులో పెద్ద డ్రమ్ము మీద ఎక్కి చూపించాడు. కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి నవ్వాడు. టోపీ పెట్టుకున్నప్పుడూ తీసినప్పుడూ ఒకే మనిషేనా అనిపించేది. ఆ గీత ఎక్కడ గీయాలో ఆయనకు తెలుసు. నాకు తెలియలేదు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, నవ్వు ఆపుకోవడం చేతకాని వయసు. వయసు మీదికి నెట్టడం కూడా తప్పే. అది నా గుణం.

అరవై నాలుగో, అరవై ఐదో సంవత్సరం. మాఘమాసం. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కూతురి పెళ్లి. చెరుకు ఆడే కాలం కాబట్టి ఫ్యాక్టరీ దారి పొడుగునా చెరుకు బండ్లు ఆగి ఉన్నాయి. గాలి నిండా పాకం మాడిన వాసన. మధ్యాహ్నం ఎదురుకోళ్లు. మగపెళ్లివారు విడిదింటి నుంచి వస్తారు, ఆడపెళ్లివారు ఎదురెళ్లి పానకం ఇస్తారు. రెండు గుంపుల మధ్యలో మేళం నిలబడుతుంది. అక్కడ ఉస్తాద్ ఒక్కడే నిదానంగా ఒక రాగం తీస్తాడు. ఆ రాగం వినడానికే కొందరు మా మేళాన్ని పిలిపించేవాళ్లు. ఆయన ఊదుతున్నంత సేపూ మాకు పని ఉండదు.

మగపెళ్లివారి కోసం ఎదురుచూస్తూ చెరుకు బండ్ల నీడలో కూర్చున్నాం. పెద్ద డ్రమ్ము కొట్టేవాడు నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని. మేళంలో నాకు దగ్గరి మనిషి అతనే. ఉస్తాద్ అవతల రీడు తడుపుకుంటున్నాడు.

"ఉస్తాద్ నోరు రాయి రా. గంపెడు చింతకాయ పెట్టినా ఊరది," అన్నాడు అన్న.

"గంపెడెందుకన్నా? ఒక్కటి సాలు. తినేటోడు మనోడైతే ఊరుతది."

"ఏయ్, టోపీ పెట్టుకున్నవ్, యాదున్నదా?"

యాదున్నది. అయినా అక్కడ ఆడుకుంటున్న ఒక పిల్లవాడి దగ్గర దోర చింతకాయ ఒకటి అడిగి తీసుకున్నాను. పందెం లేదు, ఏమీ లేదు. ఊరికే నోటి దురద.

ఎదురుకోళ్లు మొదలయ్యాయి. ఉస్తాద్ రాగం ఎత్తుకున్నాడు. మేం అర్ధచంద్రంలా నిలబడతాం కాబట్టి నేను సరిగ్గా ఆయన ఎదురుగా ఉన్నాను. ఆయన రాగం పై స్వరానికి ఎక్కుతున్న సమయానికి చింతకాయ తీసి, పెంకు ఒలిచి, కొరికి చప్పరించాను. ఎక్కడలేని పులుపు. నా ముఖం వంకర్లు పోయింది. ఉస్తాద్ నన్ను చూశాడు. పిల్లల్ని చూసినట్టు చూడలేదు. ఆశ్చర్యపోయి చూశాడు.

క్లారినెట్ గరగరమని, కీచుమంది.

మగపెళ్లివారిలో ఎవరో ఫక్కుమని నవ్వారు. ఉస్తాద్ క్లారినెట్ నోట్లోంచి తీసి, అంగీ అంచుతో మూతి తుడిచి మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అదే చోట కీచుమంది. పెళ్లికొడుకు మేనమామ గట్టిగానే అన్నాడు: "ముసలాయనకు దమ్ము అయిపోయినట్టున్నది. పక్క పోరగాన్ని ఊదుమనుండ్రి!"

ఉస్తాద్ ఒక అడుగు వెనక్కి వేసి నాకు తల ఊపాడు. నేను చింతకాయ జేబులో కుక్కి, పుల్లటి నోటితోనే ముందుకు వచ్చి ఊదాను. బాగా ఊదాను. అంత బాగా అంతకుముందు ఎన్నడూ ఊదలేదు. మేనమామ శభాష్ అన్నాడు. దాచడమెందుకు, నాకు సంతోషమైంది. ఆ పది నిమిషాలు ఉస్తాద్ వెనకాల నిలబడి ఉన్నాడన్న సంగతే మరిచిపోయాను. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఉస్తాద్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు గానీ ఎవరినీ నవ్వించలేదు. ఎడపల్లి దాటాక అన్న నన్ను మోచేత్తో పొడిచాడు, చెప్పు అన్నట్టు. నేను కిటికీలోంచి చెరుకు బండ్లు చూస్తూ కూర్చున్నాను. రేపు చెప్తాను అనుకున్నాను. చెంపదెబ్బ తింటే సరిపోతుంది అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఉస్తాద్ నన్ను మేళం గదికి రమ్మన్నాడు. ఆయన ఒక్కడే ఉన్నాడు. జరీ టోపీ నా ముందు పెట్టాడు.

"ఇగ ముంగట నువ్వు నిలవడు."

"మీరుండంగ నేనెట్ల ఉస్తాద్?" అన్నాను. అంటూనే చెయ్యి చాపాను.

"పెట్టుకో. సూస్త," అన్నాడు.

పెట్టుకున్నాను. ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. టోపీ సరిపోయిందో లేదో చూస్తున్నాడనుకున్నాను. సరిగ్గా సరిపోయింది. "మంచిది బేటా," అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన క్లారినెట్ ముట్టలేదు.

చింతకాయ కొరకడం తప్పే, కానీ అది పిల్లతనం. ఆ గదిలో నోరు మూసుకున్నదే అసలు తప్పు. అప్పుడు నిజం చెబితే టోపీ తిరిగి ఇచ్చేయాలి. నాకది ఇవ్వాలనిపించలేదు.

మూడేళ్లు నేను ముందు నిలబడ్డాను. మేళంలో ఎవర్నీ నవ్వనివ్వలేదు. ఉస్తాద్ కంటే గట్టిగా ఉన్నాను. ఆయన టోపీ తీస్తే నవ్వించేవాడు, నేను టోపీ తీశాక కూడా నవ్వలేదు. శిష్యుడంటే ఇట్లుండాలని జనం మెచ్చుకుంటుంటే ఒళ్లంతా కారం పూసినట్టుండేది. "సెప్పినవా?" అని అన్న ఒకసారి అడిగాడు. "సెప్త అన్నా," అన్నాను. అతను మళ్లీ అడగలేదు. నాతో హాస్యమాడటం కూడా మానేశాడు.

ఉస్తాద్‌కు దగ్గు ఎక్కువైందని తెలిసి, ఒక రోజు డిచ్‌పల్లిలో పొద్దుటి పెళ్లి ముగించుకుని నేరుగా వాళ్లింటికి పోయాను. క్లారినెట్ పెట్టె చేతిలోనే ఉంది. ఆయన వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నాడు. క్లారినెట్ మీద ఆడిన వేళ్లు తునికాకు మీద అంతే వేగంగా ఆడుతున్నాయి. ఆయన భార్య, మేం ఖాలా అని పిలిచేవాళ్లం, నాకు మంచినీళ్లిచ్చి లోపలికి పోయింది. ఇంకా కూర్చోకముందే చెప్పేశాను.

"ఉస్తాద్, బోధన్ పెండ్లిల నేను కావాల్ననే చింతకాయ తిన్న."

"ఎర్కే," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆయనే అందుకున్నాడు.

"నీకు నా జాగ కావాల్నని చేసినవనుకున్న. అడిగితె ఇస్తుంటి గద బేటా. నేను నేర్పినోడే నేనెప్పుడు పోతనా అని సూస్తున్నడని దిల్ ఇరిగింది. గందుకే టోపీ ఇచ్చిన."

"కాదు ఉస్తాద్! జాగ కోసం కాదు. నవ్వుకు చేసిన. ఒట్టు."

చుడుతున్న బీడీ ఆయన వేళ్లలో విప్పుకుపోయింది. పొగాకు చాటలో రాలింది.

"నవ్వుకేనా?"

"నవ్వుకే."

"ఉత్త నవ్వుకా?" అని మళ్లీ అడిగాడు. రాలిన పొగాకును వేళ్లతో దగ్గరకు తోసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మరి టోపీ ఇచ్చిన్నాడు సెప్పేదుండె గద. సెప్తవనే గంత సేపు నిలవడ్డ. నవ్వుకు చేసిన అని ఒక్క మాట అంటె, సెంప మీద ఒకటి కొట్టి టోపీ గుంజుకుంటుంటి. తెల్లారి మల్ల నేనే ఊదుతుంటి."

నేను ఏడ్చాను. మగవాణ్ని, పాతికేళ్లు దాటినవాణ్ని, ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. తిట్టనూ లేదు.

"డబ్బా తియ్," అన్నాడు.

పెట్టె తెరిచి క్లారినెట్ అమర్చి ఇచ్చాను. చాట పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు. వేళ్లు వాటి జాగాల్లోకి అవే పోయాయి. నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఊదాడు. పెదవి పక్క నుంచి గాలి బుస్సుమని పోయింది. ఆ మూడేళ్లలో ఆయన ముందు పళ్లు ఊడిపోయాయి. ఆ సంగతి నేనప్పుడే చూశాను.

"అప్పుడు పండ్లుండె," అన్నాడు. అంగీ అంచుతో మూతి తుడిచి క్లారినెట్ నాకిచ్చి, మళ్లీ చాట ఒళ్లోకి లాక్కున్నాడు.

ఆ వానాకాలం దాటలేదాయన.

మాకు తెలిసిన గౌరవం ఒక్కటే, ఊదడం. వాళ్లలో మనిషి పోతే, మయ్యత్‌కు బాజా ఉండదు. మేళంలో ఉన్నవాళ్లమంతా ఖాళీ చేతులతో జనాజా వెనకాల నడిచాం. నేనొక్కణ్నే జరీ టోపీ తీసుకుపోయాను. ఆయన తండ్రి కుట్టింది, ఖాలాకు ఇచ్చేయాలని. ఆ గుంపులో ఇవ్వడానికి వీలు పడలేదు. కబరస్తాన్ గేటు దగ్గర ఎవరో పెద్దమనిషి అందరికీ నెత్తి కప్పుకొమ్మని చెప్పాడు. నాది ఉత్త నెత్తి.

"నీ శేతుల ఉన్నది గద, పెట్టుకో," అన్నాడు ఆయన.

అన్న నా వైపు చూశాడు. నేను జేబులోంచి దస్తీ తీసి నెత్తికి కట్టుకున్నాను. టోపీ చేతిలోనే పట్టుకుని లోపలికి నడిచాను. ఉస్తాద్ ఇచ్చిన రోజు మేళం గదిలో కూడా చేతిలోనే పట్టుకుని ఉంటే సరిపోయేది.